పసుపు దారం కట్టిన సీసా

మొన్న మా మనవడు పేపరు చదువుతూ, "మామ్మా, బొగ్గూ కిరసనాయిలూ తగలబెట్టబట్టే భూమి వేడెక్కుతోందని తేలిపోయిందట. ఇంక వాదించుకోడానికేమీ లేదట," అన్నాడు. "ఎవరు తేల్చమన్నార్రా?" అన్నాను. వాడు నా వంక వింతగా చూసి మళ్ళీ పేపర్లో తల దూర్చాడు. ముసలిదానికి మతి చలించిందనుకుని ఉంటాడు. అనుకోనీ.

ఆ వాదన నాకు వాడికంటే ముందునుంచీ తెలుసు. బరంపురం ఇంకా మద్రాసు కిందే ఉన్న రోజుల్లో, నేను కొత్తగా కాపరానికొచ్చిన ఇంట్లో, రోజూ సాయంత్రం అదే వాదన. కూరలో ఉప్పు లేకపోయినా ఎవరూ పట్టించుకునేవారు కాదు గాని, ఆ వాదన లేకపోతే ఆ పూట భోజనం చేసినట్టుండేది కాదు.

మా మావగారిది సోడా కొట్టు. వీధి వైపు గదిలో కొట్టు, వెనక మేం కాపరం. చేత్తో తిప్పే చక్రం, దానికి బిగించిన గోళీసోడా బుడ్లు, పక్కన కలకత్తా నుంచి రైల్లో వచ్చే ఇనప గేసు బుడ్డి. ఆ బుడ్డి దిగిన రోజు మావగారు దానికి పసుపు రాసి బొట్టు పెట్టి గాని మర తిప్పేవారు కాదు. ఇచ్ఛాపురం పక్క పల్లె నుంచి వచ్చిన పిల్లని నేను. దుక్కిటెద్దుకి బొట్టు పెట్టడం చూశాను గాని గాలికి పెట్టడం అక్కడే చూశాను. నవ్వొచ్చి కొంగు అడ్డం పెట్టుకుంటే మా అత్తగారు నా చెయ్యి గిల్లారు.

వాదనకి రెండో మనిషి మా అత్తగారి తమ్ముడు. ఊళ్ళో హైస్కూల్లో సైన్సు చెప్పేవారు. ఊరంతా మాస్టారనేవారు, నాకు మాస్టారు మావయ్య. భార్య పురిట్లోనే పోయింది, మళ్ళీ చేసుకోలేదు. స్కూలు దగ్గర ఒక గదిలో ఉండి, సాయంత్రం మాత్రం మా ఇంటికొచ్చి అక్క చేతి అన్నం తిని వెళ్ళేవారు. వాళ్ళ అమ్మా నాన్నా ఒకే కలరాలో పోతే, పెళ్ళయి వస్తూ వస్తూ ఆ తమ్ముణ్ణి చంకనేసుకుని వచ్చారట మా అత్తగారు. సాయంత్రం వీధి మలుపులో ఆయన గొడుగు కనబడగానే, "అదిగో, నా పుట్టిల్లు నడిసి వస్తంది సూడు," అనేవారు నాతో. ఆ మాట అనేటప్పుడు ఆవిడ మొహం చూడాలి. ఎంత కోపంలో ఉన్నా విచ్చుకునేది.

ఈ మాస్టారు మావయ్య ఏదో ఇంగ్లీషు పత్రికలో చదివారు. స్వీడను దేశంలో ఒక పండితుడు లెక్కలు కట్టి చెప్పాడట: ఎండకి కాగిన నేల మళ్ళీ తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది, ఆ వేడిని కొంత పోనివ్వకుండా పట్టి ఉంచే గాలి ఒకటుంది, బొగ్గు కాల్చినకొద్దీ ఆ గాలి పెరుగుతుంది, పెరిగినకొద్దీ భూమి వేడెక్కుతుంది. ఆ గాలి పేరు బొగ్గుపులుసు వాయువు. మా మావగారు పసుపు రాసి బొట్టు పెట్టే గేసు సాక్షాత్తూ అదే.

"ఎన్నేళ్ళకి వేడెక్కుతాదేటి?" అన్నారు మావగారు మొదటి రోజు.

"వేల ఏళ్ళు పట్టవచ్చునంటాడు బావా."

"ఆలూ లేదు సూలూ లేదు, కొడుకు పేరు సోమలింగమా? ముందు ఆ గొడుగు సిల్లుకి అతుకు ఏయించుకో. నీ నెత్తి మీద ఎండ ఆపుకోలేవు గాని, లోకం ఎండ లెక్క కడతావు."

అక్కడితో ఆగితే వాళ్ళు వాళ్ళెందుకవుతారు? మర్నాటికి మావగారు కొత్త వాదన సిద్ధం చేసుకునేవారు. "నీళ్ళు గేసుని మింగుతాయి. అందుకే కదా సోడా. నా బుడ్డెడు నీళ్ళే అంత మింగితే, గోపాలపూర్ సముద్రం ఎంత మింగాల? రైలింజన్లు ఎంత పొగ వదిలినా సముద్రానికి ఓ గుక్క."

మాస్టారు మావయ్య మజ్జిగన్నం కలుపుకుంటూ నెమ్మదిగా, "మరి ఎండాకాలంలో నువ్వు నీళ్ళలో ఐసు ఎందుకేస్తావు బావా?" అన్నారు.

వెచ్చటి నీళ్ళు గేసు పట్టవని మావగారికి తెలియనిదా? రైల్లో రంపపు పొట్టులో చుట్టి వచ్చే ఐసు కోసం స్టేషనుకి పరిగెత్తేది ఆయనే. సముద్రం వెచ్చబడితే అదీ గేసుని కక్కుతుందన్నమాట. ఆ పూట మావగారు సముద్రం ఊసు వదిలేశారు. మజ్జిగ రెండోసారి పోయించుకున్నారంతే.

పండితుల్లో కూడా అందరూ ఒప్పుకోలేదట. గాలిలో ఉన్న తేమే ఆ వేడినంతా ఆపేస్తోంది, ఇంక ఈ గేసు కొత్తగా ఆపేదేముంది అన్నారట కొందరు. మాస్టారు మావయ్య దాచుకోకుండా అదీ చెప్పారు. మావగారు గంతేశారు. "అదీ మాట. బొంత కప్పుకొని తొంగున్నోడికి ఇంకో బొంత కప్పితే ఏటి, కప్పకపోతే ఏటి?" వడ్డిస్తున్న మా అత్తగారు గరిటె ఆపి, "మీరెప్పుడైనా రెండు బొంతలు కప్పుకొన్నారేటి? కప్పుకొంటే తెలస్తాది ఉక్క," అన్నారు. మాస్టారు మావయ్యకి నవ్వుతో పొలమారింది. మావగారే లేచి ఆయన నెత్తిన తట్టారు. నాకు ఆ ఇద్దరంటే ప్రేమ పుట్టింది ఆ రోజే.

ఇలాగే సాగిపోతే బాగుండేది. చైత్రం వెళ్ళి ఎండలు ముదిరాక, ఊళ్ళో చదువుకునేవాళ్ళంతా చేరే రీడింగు రూములో మాస్టారు మావయ్యని ఉపన్యాసం ఇమ్మన్నారు. ఈయన మా కొట్టు నుంచే ఒక సీసాలో గేసు పట్టించుకుని వెళ్ళారు. అందులోకి వెలుగుతున్న అగ్గిపుల్ల దించితే టక్కున ఆరిపోయిందట, జనం ఔరా అన్నారట. తర్వాత ఈ గేసే భూమికి వేడి తెచ్చిపెడుతుందని అంతా విడమరిచి చెప్పారు. విన్నవాళ్ళు విన్నట్టు ఉంటే మనుషులెందుకవుతారు? మన ఊళ్ళో తినేదీ తాగేదీ ఏదైనా రెండే రకాలు, వేడి చేసేది, చలవ చేసేది. మజ్జిగ చలవ, మామిడిపండు వేడి. సోడా చలవని కదా తాగుతున్నాం, భూమినే కాల్చే గేసు కడుపులో పడితే ఏమైపోతాం అనుకున్నారు జనం. సోనేపూర్ నుంచి ఎండుచేపల గంపలతో వచ్చే ఆడవాళ్ళు మా కొట్టు ముందు ఆగడం మానేశారు. రోజూ రెండు సోడాలు తాగే ఒడియా బండివాడు చేతులూపుతూ, "నాయ్ నాయ్, సోడా పియిలే గొరొమ్ హెబొ," అని వెళ్ళిపోయాడు. సోడా తాగితే వేడి చేస్తుందట వాడికి. ఎండలు మండిపోతున్నాయి, కొట్టులో నిండు బుడ్లు నిండుగానే ఉన్నాయి.

ఏడాది పొడుగునా సోడా కొట్టు బతికేది ఆ రెండు నెలల మీదే. మావగారు నాలుగు రోజులు పళ్ళ బిగువున ఓర్చుకున్నారు. అయిదో రోజు సాయంత్రం మాస్టారు మావయ్య చెప్పులు విప్పుతుండగానే అందుకున్నారు.

"రీడింగు రూముకెల్లి, నువ్వు సెప్పిందంతా తప్పని సెప్పిరా. అప్పుడే ఈ గుమ్మం తొక్కు."

"సోడా వేడి చేస్తుందని నేననలేదు బావా. అది రేపే వెళ్ళి చెప్తాను. కానీ గేసు సంగతి తప్పని ఎలా చెప్పను? తప్పని తేలలేదే."

"అయితే తేల్చు. నా కళ్ళ ముందర తేల్చు. గేసు వేడెక్కదని తేలితే ఊరందరి ముందరా ఒప్పుకోవాల."

"ఒప్పుకుంటాను. ఒప్పుకున్నాక మాత్రం ఈ ఊళ్ళో పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పలేను. విశాఖపట్నంలో ఉద్యోగం ఉందంటున్నారు, పోతాను."

"పో. నువ్వే నెగ్గినావనుకో, నా కొట్టు నా సేతే మూయించినట్టు. అప్పుడు నీ మొగం సూస్తూ నేను అన్నం తినలేను."

ఇద్దరూ పెద్దవాళ్ళే, బుద్ధులు మాత్రం గోళీకాయలాడే వయసువి. నాకు ఒళ్ళు మండిపోయింది. కొత్త కోడల్ని కాబట్టి నోరు మూసుకున్నాను గాని, లేకపోతే ఇద్దరికీ చెరో చీపురూ ఇచ్చి వాకిలి ఊడ్పించేదాన్ని. మా అత్తగారు వంటింట్లోకి వచ్చి వంకాయలు ముందేసుకుని కూచున్నారు. తరగలేదు.

"ఇన్నావా కోడలా. తమ్ముడు ఓడితే ఊరొదిలి పోతాడు. నెగ్గితే మీ మావ గుమ్మం ఎక్కనీడు. ఎవరు నెగ్గినా ఓడీది నేనే," అన్నారు. కన్నీళ్ళు పెట్టుకోలేదు. వంకాయ తొడిమ పట్టుకుని తిప్పుతూ ఉండిపోయారు. నాకు ఏడుపొచ్చింది.

పరీక్ష ఇలా పెట్టారు. పిప్పరమెంటు బిళ్ళలు పోసుకునే పెద్ద గాజు సీసాలు రెండు, ఒకే పోలికవి. ఒకదాంట్లో ఉత్త గాలి, ఒకదాంట్లో గేసు. గేసు మావగారే పట్టారు. తనకి గిట్టని పరీక్షే అయినా సీసా నిండా నిజాయితీగా పట్టారు, ఆయన అలాంటి మనిషి. రెండింటికీ బెజ్జం పెట్టిన బిరడాలు బిగించి, లోపలికి స్కూలు నుంచి తెచ్చిన ధర్మామీటర్లు దింపి, చుట్టూ మైనం మెత్తారు. గేసు సీసాకి గుర్తుగా కట్టడానికి మాస్టారు మావయ్య దారం అడిగితే, అత్తగారు పూజగూట్లోంచి పసుపు దారం తెచ్చిచ్చారు. ఆయన దాన్ని సీసా మెడకి పొట్లం కట్టినట్టు ఒక్క ముడి వేసి వదిలేశారు. సీసాలు రెండూ డాబా మీద, మేం వడియాలు ఎండబెట్టే చోట, పక్కపక్కనే పెట్టారు. మధ్యాహ్నం కొట్టు మూసి భోజనానికి లేచే ముందు ఇద్దరూ పైకెళ్ళి చూడాలి. స్కూలుకి వేసవి సెలవులే, కాబట్టి మాస్టారు మావయ్య మధ్యాహ్నమే వచ్చేవారు.

మొదటి రోజు పసుపు దారం సీసాయే రెండోదానికంటే ఎక్కువ వేడెక్కింది. పెద్దగా కాదు, కళ్ళు చికిలించి చూస్తే తెలిసేంత. మావగారి మొహం వాడిపోయింది. మాస్టారు మావయ్య మొహంలోనూ గెలిచిన కళ లేదు. "ఒక్క రోజుకే తేలిపోదు బావా. ఇంకొన్నాళ్ళు చూద్దాం," అని, అన్నం తినకుండానే గొడుగు తీసుకుని వెళ్ళిపోయారు. అక్క పెట్టిన కంచం అలాగే ఉండిపోయింది.

మర్నాడు పొద్దెక్కాక వడియాలు తిరగెయ్యడానికి నేనూ అత్తగారూ డాబా ఎక్కాం. నేను అటు చివర ఉన్నాను. తిరిగి చూసేసరికి ఆవిడ సీసాల ముందు గొంతుక్కూచుని ఉన్నారు. పసుపు దారం విప్పి రెండో సీసాకి కడుతున్నారు.

"అత్తా?" అన్నాను.

"ఏటి సూస్తన్నావు? దారం వదులైపోనాది. నువ్వు వడియాలు సూడు, కాకులొస్తన్నాయి."

కాకి ఒక్కటీ లేదు. నేను వడియాలే చూశాను.

ఆ మధ్యాహ్నం దారం లేని సీసా వేడెక్కింది. మాస్టారు మావయ్య వంగి ధర్మామీటరు చూశారు, తర్వాత దారం చూశారు. చాలాసేపు దారాన్నే చూశారు. "ఈ రోజు నీదే బావా," అన్నారు. మావగారు గంతెయ్యలేదు. ఆయనా వంగి చూసి, "ఒక్క రోజుకే ఏటి తేలుతాది? రేపు సూద్దాం. రా, అన్నం సల్లారిపోతంది," అన్నారు. ఆ పూట ఇద్దరూ పక్కపక్కనే కూచుని తిన్నారు. మా అత్తగారు వద్దన్నా నెయ్యి వేశారు.

ఆ తర్వాత నేనూ వెళ్ళి ఆ ముడి చూశాను, అప్పుడర్థమైంది. వ్రతానికి తోరం కట్టేటప్పుడు వేసే ముళ్ళు అవి, ఒకదాని పక్కన ఒకటి, వడ్లగింజల్లా దగ్గర దగ్గరగా. ఏళ్ళ తరబడి వ్రతాలు చేసిన చెయ్యి, దారం పట్టుకుంటే మామూలు ముడి వెయ్యడం దానికి రాదు. పొట్లం ముడికీ తోరం ముడికీ తేడా తెలియని వాళ్ళా ఆ ఇద్దరూ? ఒకాయన ఆ చేత్తో తోరం కట్టించుకుంటూ పెరిగారు, ఒకాయన ఆ పక్కనే పీటల మీద కూచున్నారు.

ఇక అక్కణ్ణుంచి ఒక రోజు ఇటు, ఒక రోజు అటు. ఆవిడ ఎప్పుడు ఎటు మార్చేవారో నాకూ తెలిసేది కాదు. ఇద్దరూ వచ్చి వంగి చూసి, గంభీరంగా తలలూపి, తేలలేదని అన్నానికి దిగేవారు. మాస్టారు మావయ్యకి చుట్ట అలవాటు, జేబులో అగ్గిపెట్టె లేని రోజు లేదు. బిరడా తీసి ఒక్క పుల్ల దింపితే ఏ సీసా ఏదో తేలిపోయేది. ఒక్కసారి కూడా దింపలేదు మహానుభావుడు.

ఈలోగా మండిపోయే ఎండల్లో జనానికి వేడీ చలవా అన్న విచారం పోయి దాహమే మిగిలింది. బండివాడు వచ్చి సిగ్గుపడుతూ సోడా అడిగాడు. మావగారు తనే గోళీ నొక్కి ఇచ్చారు. తొలకరి పడ్డాక సీసాలు కిందికి దించాం. "మబ్బుల్లో పరీక్షేటి? పైయేడు సూద్దాం," అన్నారు మావగారు. "అలాగే బావా," అన్నారు మాస్టారు మావయ్య. విశాఖపట్నం ఊసు మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. పైయేడూ అంతే. ఆ పైయేడూ అంతే. వడియాలూ సీసాలూ కలిసి డాబా ఎక్కడం మా ఇంటి ఆచారమైపోయింది.

ఊరు ఒడిస్సాలో కలుస్తుందా, మద్రాసులోనే ఉంటుందా అని జనం కొట్టుకు చస్తున్న రోజుల్లో, ఒక కార్తీకంలో మా అత్తగారు పోయారు. నాలుగు రోజుల జ్వరం, అంతే. నన్ను కన్నతల్లి కాదు, కానీ ఆ వంటింట్లో పొయ్యి ముట్టించబోతే నా చేతులాడేవి కావు. మాస్టారు మావయ్య కర్మలు అయ్యేదాకా ఉండి, తర్వాత రావడం మానేశారు. అక్క లేని ఇంటికి తమ్ముడు ఏ వరసన వస్తాడు? ఎవరూ రావద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. సాయంత్రం అయ్యేసరికి మావగారు కొట్టు గడప మీద కూచుని వీధి మలుపు వైపు చూసేవారు. "ఎవరి కోసం మావా?" అంటే, "గాలి కోసం," అనేవారు.

ఎండలొచ్చాయి. నేను ఒక్కదాన్నే వడియాలు పెట్టాను. ఒక పొద్దున్న గుమ్మంలో చిల్లు గొడుగు కనబడింది. మాస్టారు మావయ్య చేతిలో రెండు ధర్మామీటర్లు. "మనది తేలలేదు కదా బావా," అన్నారు లోపలికి రాకుండానే. మావగారు లేచి వెళ్ళి సీసాలు కడిగి, ఒకదాంట్లో గేసు పట్టారు. దారం నేను తెచ్చిచ్చాను. మాస్టారు మావయ్య ఎప్పటిలాగే గేసు సీసాకి ఒక్క ముడి వేశారు.

మధ్యాహ్నం నేను వడియాలు తిరగేసి డాబా చివర పందిరి కింద నిలబడితే ఆయన ముందుగా, ఒక్కరూ పైకొచ్చారు. పందిరి నీడన ఉన్న నన్ను చూడలేదు. వంగి ధర్మామీటర్లు చూశారు. దారం కట్టిన సీసాయే వేడెక్కింది. అది మార్చే చెయ్యి ఇప్పుడు లేదు మరి. ఆయన మోకాళ్ళ మీద కూచుని, ఆ దారం విప్పి రెండో సీసాకి కట్టడం మొదలుపెట్టారు. ఒక ముడి, దాని పక్కన ఇంకో ముడి, దాని పక్కన ఇంకోటి. సరిగా రాక విప్పి మళ్ళీ వేశారు. అప్పుడు లేచి కళ్ళు తుడుచుకుని, మెట్ల వైపు తిరిగి పిలిచారు.

"బావా, ఈ రోజు నీదే."

మావగారు ఆయాసపడుతూ పైకొచ్చారు. ధర్మామీటర్లు చూడనే లేదు. వంగి, ఆ వంకర టింకర తోరం ముళ్ళని బొటనవేలితో ఒక్కొక్కటే తడిమారు. తర్వాత నడుం పట్టుకుని లేచి, ఆయన భుజం మీద చెయ్యి వేశారు.

"ఒక్క రోజుకే ఏటి తేలుతాదిరా? రేపు మళ్ళీ సూద్దాం," అని, నా వైపు తిరిగారు. "కోడలా, మాస్టారికీ కంచం పెట్టు."